గ్రూపు గడిలో ఎవరు రాశారు? (తరగతి గది బయట – 17)

ఈ వారం హాస్టల్ మెస్సుల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచి నా ఇన్‌బాక్సులో ఒకటే ప్రశ్న. "సార్, మా తమ్ముడు పాసయిండు, ఏ గ్రూపు ఇప్పియ్యమంటరు?" "అన్నా, మా వాడకట్టు పిల్లకు మంచి మార్కులొచ్చినయ్, హెచ్ఈసీ చాలంటున్నరు, నిజమేనా?" ఏటా ఈ రోజుల్లో వచ్చే ప్రశ్నే. ఏటా ఒక్క లైన్లో జవాబిచ్చి తప్పించుకునేవాణ్ని. ఈసారి అదే ప్రశ్న మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. అందుకే ఇంత పొడుగు పోస్టు. చివరిదాకా చదివి, తిట్టాలనిపిస్తే తిట్టండి.

ముందు నా సంగతి.

2003లో పది పాసయ్యాను. పాత నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఎస్సీ హాస్టల్లో ఉండి గవర్నమెంటు హైస్కూల్లో చదివాను. మా ఇంట్లో పది దాటిన మొదటివాణ్ని నేనే. అవ్వ నాట్లకు పోయేది, నాయిన మేస్త్రీల కింద సిమెంటు కలిపేవాడు. ఆ రోజు కూలి వదులుకుని, ఉతికిన తెల్లంగి తొడుక్కుని నన్ను జూనియర్ కాలేజీకి తీసుకుపోయాడు. వరండాలో టేబుల్ వేసుకుని ఒక సారు అప్లికేషన్లు తీసుకుంటున్నాడు. మా వంతు వచ్చింది. ఆయన టీసీ చూశాడు. కులం సర్టిఫికెట్ చూశాడు. మార్కుల మెమో మడత మాత్రం విప్పలేదు. "హెచ్ఈసీ రాసుకో, పాసైతవ్" అన్నాడు. "సారు చెప్తుండు గద బిడ్డా, రాయి" అన్నాడు నాయిన. నేను పెన్ను వెతుక్కునే లోపల ఆ సారే రాసేశాడు. గ్రూపు అనే గడిలో మూడు అక్షరాలు. అర నిమిషం కూడా పట్టలేదు.

ఆయన దుర్మార్గుడేం కాదు. నాయినకు కుర్చీ చూపించలేదు గానీ కసురుకోనూ లేదు. పాపం ఈ పిల్లగాడు ఫెయిల్ కావొద్దు అని జాలిపడే రాసి ఉంటాడని ఇప్పటికీ అనుకుంటా. మనమీద కోపంతో రాసే రాతను గుర్తుపట్టి కొట్లాడొచ్చు. జాలితో రాసే రాతకు దండం పెట్టి వస్తాం. నేనూ నాయినా దండం పెట్టే వచ్చాం.

ఆ మెమో ఇంకా నా దగ్గరుంది. లెక్కలకు 71. తెలుగుకు 68. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. తెలుగులో డాక్టరేటు తీసుకున్నవాడికి పదిలో తెలుగు కంటే లెక్కలే ఎక్కువ వచ్చాయి.

హెచ్ఈసీ అంటే చిన్నచూపు అని ఎవరూ అనుకోవద్దు. చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ చదవకపోతే ఇవాళ ఈ రాతలు రాసేవాణ్నే కాదు. తెలుగు చదివినందుకూ నాకు బాధ లేదు. మన సాహిత్యం మీద పని చేస్తూ గడిపిన ఏళ్లు నా జీవితంలో మంచి ఏళ్లు. నాకున్న గొడవ వేరే. నేను ఆ గ్రూపు ఎంచుకోలేదు. ఎంచుకోవడం అనేది ఒకటుంటుందని కూడా తెలీదు. 2005లో డిగ్రీకి పోతే కంప్యూటర్ సైన్స్ ఉన్న బీఎస్సీ కావాలని అడిగాను, అప్పట్లో అందరికీ అదే పిచ్చి. "ఇంటర్‌లో మ్యాథ్స్ ఉందా?" అన్నారు. లేదు. అంతే. తలుపు వేసి రెండేళ్లయింది, నాకు చప్పుడు వినబడింది ఆ రోజు.

మళ్లీ పీహెచ్‌డీ రోజుల్లో ఇంకోసారి వినబడింది. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటు మిత్రుడు కూలి రేట్లు, కులం, భూమి మీద చేసిన ఒక టేబుల్ చూపించాడు. మా అవ్వ బతుకే ఆ అంకెల్లో ఉంది. నాకు చదవడం రాలేదు. ఏ అంకె పెద్దదో తెలుస్తుంది గానీ అది ఏం చెబుతుందో తెలీదు. వాడు ఓపికగా చెప్పాడు, నేను తలూపాను. 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం వచ్చాక బడ్జెట్ నిధుల మీద మా మీటింగుల్లో ఎన్నిసార్లు కూర్చున్నామో. నినాదాలకు పది మందిమి ఉంటాం, పాటకు ఇరవై మందిమి ఉంటాం, బడ్జెట్ పుస్తకం విప్పి కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత అని లెక్క తీయడానికి ఒక్కడికోసం ఎదురుచూస్తాం. ఆ ఒక్కడు రాకపోతే మీటింగ్ వాయిదా. మనోళ్లు తెలివి తక్కువై కాదు, చాలామందికి నాలాగే ఆ గడి వేరేవాళ్లు నింపారు.

మా హాస్టల్లో నా పక్క ట్రంకు పెట్టె వాడి కథ చెప్తా. నా బ్యాచే, నా కులమే, వాళ్ల నాయినా కూలే. లెక్కల్లో నాకంటే ఏడు మార్కులు తక్కువ. కానీ వాడికి ఆర్టీసీలో కండక్టర్ చేసే మేనమామ ఉన్నాడు. ఆ మామ రోజూ హైదరాబాద్ రూట్లో పోయేవాడు, బస్సులో ఇంజనీరింగ్ పిల్లల మాటలు వినేవాడు. "ఎంపీసీ తప్ప ఇంకోటి రాస్తే కాళ్లు విరుగుతయ్" అన్నాడట. వాడు మొదటేడు ఒక లెక్కల పేపర్ ఫెయిలయ్యాడు, సప్లిమెంటరీ రాశాడు, ఈదుకుంటూ బయటపడ్డాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. మా ఇద్దరి మధ్య తేడా ఒక్క కండక్టర్.

పోయిన నెల వాడు ఫోన్ చేశాడు. వాళ్ల బిడ్డ ఏడో తరగతి. వచ్చే ఏడు ఆల్జీబ్రా–1 తీసుకోవాలా, తొమ్మిదిలో తీసుకోవాలా అని ఇంట్లో చర్చంట. నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు. అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. ఎనిమిదిలోనే ఆల్జీబ్రా మొదలుపెడితే జామెట్రీ, ఆల్జీబ్రా–2, ప్రీకాల్‌క్యులస్ దాటుకుని పన్నెండులో కాల్‌క్యులస్‌కు చేరొచ్చు. ఒక ఏడు ఆలస్యమైతే మామూలు దారిలో ఆ మెట్టు అందదు, మధ్యలో ఎక్కడో రెండు కోర్సులు కలిపి ఉరకాలి. కాలేజీ వాళ్లు పిల్ల ఏ మార్కులు తెచ్చుకుందనే కాదు, తన స్కూల్లో దొరికేవాటిలో ఎంత గట్టి కోర్సులు తీసుకుందని కూడా చూస్తారు. స్కూల్లో కౌన్సెలర్ అని ఒకరుంటారు, వాళ్లతో కూర్చుని నాలుగేళ్ల ప్లాన్ కాగితం మీద రాసుకుంటారు. "మనకు అట్ల కూసోబెట్టి చెప్పినోడు ఎవడన్న ఉండెనారా?" అన్నాడు వాడు. "నీకు కండక్టరుండె" అన్నా.

అక్కడ అందరికీ అందుతుందనుకోకండి. బాబ్ మోజెస్ పేరు మన విద్యార్థులకు తెలియాలి. 1960లలో మిసిసిపీలో నల్లజాతి వాళ్లను ఓటర్లుగా నమోదు చేయించడానికి తిరిగి, దెబ్బలు తిని, జైలుకు పోయినవాడు. తర్వాత కొన్నేళ్లు టాంజానియాలో లెక్కలు చెప్పాడు. తిరిగొచ్చాక సొంత బిడ్డ ఎనిమిదో తరగతికి వస్తే ఆ స్కూల్లో ఆల్జీబ్రా చెప్పడమే లేదు. తనే పోయి చెప్పడం మొదలుపెట్టాడు. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు అక్కడే పుట్టింది. ఆయన వాదన చాలా సూటి. ఒకప్పుడు చదవడం రాయడం రాదని మనల్ని ఓటుకు దూరం పెట్టారు, రేపు లెక్క రాదని బతుకుతెరువుకు దూరం పెడతారు, కాబట్టి ఆల్జీబ్రా కూడా పౌరహక్కే. ఓటు హక్కుకు లాఠీ దెబ్బలు తిన్న మనిషి ఈ మాట అంటే దాని బరువు వేరు.

అంత దూరం ఎందుకు, బాబాసాహెబ్ దగ్గరికే రండి. విగ్రహం చేతిలో పుస్తకం మనందరికీ తెలుసు. ఆయన టైంటేబుల్ ఎంతమందిమి చూశాం? 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. మూడేళ్లలో ఆయన తీసుకున్న కోర్సుల్లో ఎకనామిక్స్ 29, చరిత్ర 11, సోషియాలజీ 6, ఫిలాసఫీ 5, ఆంత్రోపాలజీ 4, రాజకీయశాస్త్రం 3. ఇవి చాలవన్నట్టు ఫ్రెంచ్ ఒకటి, జర్మన్ ఒకటి. ఏ పనికి ఏ పనిముట్టు కావాలో తెలిసిన మనిషి లిస్టు అది. అదే మనిషి బొంబాయి హైస్కూల్లో ఉన్నప్పుడు రెండో భాషగా సంస్కృతం కావాలంటే అంటరానివాడికి చెప్పమన్నారు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆయన ఫారంలో కూడా ఒక గడి వేరేవాళ్లు నింపారు. మిగతా గడులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

సంస్కృతం అంటే గుర్తొచ్చింది. ఇవాళ మన ఇంటర్ పిల్లలకు సంస్కృతం పిలిచి మరీ ఇస్తారు. మార్కులు పడతాయని. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చు, భాష రాకపోయినా 98 వస్తాయి. బాబాసాహెబ్‌కు ఇవ్వని భాష మన పిల్లలకు భాషగా కాదు, మార్కుల పంటగా అందుతోంది. తెలంగాణలో ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులు కలపడం 2023 నుంచి ఎత్తేశారు. ఆ సాకు కూడా పోయింది. తెలుగు తీసుకోండి. ఈ మాట తెలుగు లెక్చరర్ చెప్తున్నాడు కాబట్టి కొంచెం తగ్గించుకుని వినండి.

ఇప్పుడు తలుపుల సంగతి. ఇంజనీరింగ్‌కు ఎంపీసీ, డాక్టర్‌కు బైపీసీ, ఇంత వరకు ఊరందరికీ తెలుసు. తెలియనివి చెప్తా. ఎంపీసీ చదివినవాడు రేపు బీఏ చదవొచ్చు, లా చదవొచ్చు, బీకాం చదవొచ్చు, తెలుగు ఎంఏ దాకా కూడా రావొచ్చు. హెచ్ఈసీ చదివినవాడు మ్యాథ్స్ బీఎస్సీకి పోలేడు, అంటే రేపు మన ఊరి స్కూల్లో లెక్కల టీచరు కాలేడు. ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, నేవీకి, ఎయిర్‌ఫోర్సుకు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే సీయూఈటీలో మ్యాథ్స్ రాయాల్సిందే. ఆర్ట్స్ గ్రూపు అనుకునే ఎకనామిక్స్ తలుపుకు కూడా లెక్కల తాళమే. సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు 2022 నుంచి సీయూఈటీ వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల కోర్సులకు కూడా అదే. మన జూనియర్ కాలేజీల్లో సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు ఆ పేరు చెప్పినవాళ్లు ఎంతమంది? క్లాట్‌కు ఏ గ్రూపైనా రాయొచ్చు, ఎస్సీ, ఎస్టీలకు ఇంటర్‌లో 40 శాతం ఉంటే చాలు, అందులో లెక్కలు పదో తరగతి స్థాయివే. ఇది తెలియక ఎంతమంది మంచి వాదన చేసే పిల్లలు ఆగిపోయారో.

ఎంపీసీ తీసుకున్నాక డాక్టర్ కావాలనిపిస్తే? 2023 నవంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ ఒక దారి తెరిచింది. ఇంటర్ అయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీ అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్ రాయొచ్చు. బయాలజీ తర్వాత కలుపుకోవచ్చు, మన పరిస్థితుల్లో లెక్కలు తర్వాత కలుపుకోవడం చాలా కష్టం. ఇది నా అభిప్రాయం, వాదించేవాళ్లు వాదించండి.

అలాగని ప్రతి పిల్లనూ ఎంపీసీలో తోసేయమని చెప్పడం లేదు. ఆ తప్పు కూడా కళ్లతో చూశాను. మా ఊరి పిల్లగాడికి పదిలో మంచి మార్కులొచ్చాయి. ఎస్సీ పిల్లల కార్పొరేట్ కాలేజీ పథకం కింద సిటీలో సీటొచ్చింది, ఊరంతా సంతోషం. పొద్దున నుంచి రాత్రి దాకా క్లాసులు, పక్కవాళ్లు ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ చదివి వచ్చినవాళ్లు. వీడు మూడు నెలలకు బ్యాగు తీసుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు. "నాకు లెక్కలు రావన్నా" అంటాడు. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, వాడికంటే మూడేళ్లు ముందు మొదలుపెట్టినవాళ్ల పక్కన వాణ్ని కూర్చోబెట్టారు. ఎంపీసీలో రెండేళ్లకు నాలుగు లెక్కల పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు. వాటి పునాది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పడాలి. పది ఫలితాలొచ్చాక గ్రూపు గురించి ఆలోచించడమంటే నాట్ల టైములో నారు పోసుకోవడమే.

అందుకే ఊళ్లలో పని చేసే మిత్రులకు ఒక మాట. మనం పదో తరగతి పిల్లలకు సన్మానాలు చేస్తాం, శాలువాలు కప్పుతాం. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గరికి పోదాం. వాడకట్టులో ఎనిమిదికి వచ్చిన పిల్లలెంతమంది, భిన్నాలు వస్తున్నాయా, బీజగణితం అర్థమవుతోందా, ఇంగ్లీషు పేజీ చదవగలరా, ఇది చూద్దాం. రెండు ఎండాకాలాలు చాలు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల ఎంట్రన్స్ అప్లికేషన్లు మామూలుగా పది పరీక్షల రోజుల్లోనే వస్తాయి. ఫలితాలొచ్చాక లేచేవాళ్లకు అవి అందవు. బాసర ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది, పది మార్కులతోనే సీటు. ఆ తేదీలు యూత్ సంఘం బోర్డు మీద జయంతి తేదీల పక్కనే రాయండి.

ఇక మా ఇంటి సంగతి. మా అక్క బిడ్డ గురుకులంలో పది రాసింది. లెక్కల్లో ఫర్వాలేదు, సోషల్ బాగా చదువుతుంది, ఎవరితోనైనా వాదించి గెలుస్తుంది. బావకు నర్సింగ్ చేయించాలని, అందుకు బైపీసీ. అక్కకు బిడ్డ దగ్గర్లో ఉంటే చాలు. నాకేమో ఎంపీసీ. పరీక్షలు మొదలయ్యే ముందు ఆదివారం ఫోన్లో ఎంట్రన్స్ అప్లికేషన్ తెరిచి గురుకులానికి పోయాను. విజిటింగ్ టైములో చెట్టు కింద కూర్చుని ఇంతసేపు మీకు చెప్పిందంతా తనకు చెప్పాను. బాబాసాహెబ్, బాబ్ మోజెస్, తాళాలు, తలుపులు. అక్కా బావా వింటున్నారు. చెబుతూ చెబుతూనే గ్రూపు దగ్గర ఎంపీసీ నొక్కేశాను.

"మామా" అంది. "నువ్వే రాస్తున్నవ్ గద, మరి నన్నెందుకు కూసోబెట్టినవ్?"

నేనేం మాట్లాడలేదు. ఫోన్ తన చేతిలో పెట్టాను.

ఆ పిల్లకు నా మెమో కథ తెలీదు, నేనెప్పుడూ చెప్పలేదు. అన్నీ చదువుకుని, అన్నీ తెలిసి, నేను కూడా అర నిమిషంలోనే నొక్కాను. ఆ సారుది జాలి, నాది ప్రేమ అని సర్ది చెప్పుకున్నా. ఇంటికొచ్చే బస్సులో ఆ సర్దుబాటు నిలబడలేదు.

తనకు లా చదవాలని ఉందట. రెండేళ్ల నుంచి ఉందట. వాళ్ల వాడకట్టులో ఒక భూమి కేసు నడుస్తోంది, తారీఖు తారీఖుకూ ముసలాయన కోర్టుకు పోయి రావడం చూసింది. "లాయర్‌కు లెక్కలెందుకు మామా?" అని అడిగింది. క్లాట్‌లో కొంచెం ఉంటాయని చెప్పాను. భూమి కేసంటే ఎకరాలు, గుంటలు, పరిహారం, వడ్డీ కూడా అన్నాను. కాసేపు ఆలోచించింది. "ఫిజిక్స్ లేకుండ లెక్కలుంటయా ఏ గ్రూపులనన్న?" అంది. ఉంది. ఎంఈసీ. మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్. మా మండలం జూనియర్ కాలేజీలో ఆ గ్రూపే లేదు. పక్క మండలంలోనూ లేదు. రెసిడెన్షియల్ కాలేజీల్లో కొన్నిచోట్ల ఉంది. ఆ ఎంట్రన్స్‌లో ఎంఈసీకి ఇంగ్లీషు, సోషల్, లెక్కలు రాయాలి. నేను డాక్టరేటు చేసి ఎంపీసీ దగ్గర ఆగిపోయాను, ఆ పిల్ల ఒక్క ప్రశ్నతో తనకు కావాల్సింది వెతుక్కుంది. గడి మార్చింది తనే.

బావ ఇప్పటికీ ఒప్పుకోలేదు. "లాయర్లు ఎంతమంది ఖాళీగ తిరుగుతలేరు" అంటాడు. ఆయన భయం ఆయనది, ఆ భయానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సీటు రాకపోతే ఏం చేయాలో కూడా ఇంకా తేల్చుకోలేదు. మా మండలంలో సీఈసీ చేరి లెక్కలు విడిగా ఓపెన్ స్కూల్లో రాయొచ్చా అని తనే అడుగుతోంది.

పరీక్షలయ్యాక ఎంట్రన్స్ దాకా రోజూ రాత్రి వీడియో కాల్‌లో కూర్చున్నాం. నేను 22 ఏళ్ల తర్వాత లెక్కల పుస్తకం పట్టుకున్నా. తను ఇంగ్లీషు మీడియం, నాకు తెలుగు మీడియం మాటలే వస్తాయి. తను క్వాడ్రాటిక్ అంటే నేను వర్గ సమీకరణం అంటా, తను ప్రోగ్రెషన్స్ అంటే నేను శ్రేఢులు అంటా. ఒకరికొకరం అనువాదం చేసుకోవడానికే సగం టైము పోయేది. ఒక రాత్రి త్రికోణమితి లెక్క. సైన్ తీటా దగ్గర నేను ఎదుటి భుజం, కర్ణం అని గీతలు గీసుకుంటూ ఇరుక్కుపోయాను. తను అప్పటికే చేసేసి నా కాగితం వైపు చూస్తోంది.

"మామా, నీకు పదిల 71 ఎట్లొచ్చినయ్? ఎవల్దన్న చూసి రాసినవా?"

ఆ మెమో సంగతి వాళ్ల అమ్మ చెప్పిందట.

ఎంట్రన్స్ రాసింది. రిజల్ట్ ఇంకా రాలేదు. మెస్సుల సంగతి వచ్చే ఆదివారం. జై భీమ్.